ఇంటి తీగలకు ఒక కూడలి

హోసూరు వైపు ఏ ఊళ్లోనైనా అంగడికి పోయి ‘స్విచ్చు ఒకటి కావాలి’ అంటే, దీపానికో ఫ్యానుకో గోడకు బిగించే స్విచ్చే చేతిలో పెడతారు. ఈ పూట నేను చెప్పబోయేది ఆ స్విచ్చు గురించి కాదు. ఇంట్లో ఇంటర్నెట్ తీగలన్నీ ఒకచోట కలుసుకునే చిన్న పెట్టె గురించి. అది అరచేయంత ఉంటుంది. ఒక పక్క వరసగా ఐదో ఎనిమిదో రంధ్రాలు, ఒక్కో రంధ్రం దగ్గర మినుకుమినుకుమనే చిన్న దీపం. కేబుల్ పనివాళ్లు కొందరు దీన్ని ఇప్పటికీ హబ్బు అంటారు, కంప్యూటర్ అంగళ్లలో ల్యాన్ స్విచ్ అంటారు. పేరు ఏదైనా చేసే పని ఊరి కూడలి చేసేదే, ఒక దోవన వచ్చినదాన్ని అది చేరవలసిన దోవలోకి మళ్లించడం. వెయ్యి రూపాయలకు అటూ ఇటూగా దొరికే వస్తువుకు ఇంత ప్రసంగం ఎందుకని మీకు అనిపించవచ్చు. దీన్ని ఎంచుకోవడంలో పొరపాటు జరిగితే నష్టం ఆ వెయ్యితో తీరదు. ఇంట్లో కూర్చుని ఉద్యోగం చేసుకునేవాళ్ల పని, పిల్లల పాఠం, దొడ్లో పెట్టుకున్న కెమెరా, అన్నీ ఈ పెట్టె గుండానే పోవాలి. పైగా పొరపాటు ఇక్కడ జరిగిందని ఎవరికీ తోచదు. నెట్ ఇచ్చినవాళ్లను తిట్టుకుంటూ నెలలు గడిచిపోతాయి.

అత్తిముగాన్నే ఉదాహరణగా తీసుకుందాం. కృష్ణగిరి జిల్లా శూలగిరి తాలూకాలో, ఐరావతేశ్వరుడి గుడి ఉన్న ఊరు. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, సంతలో కన్నడం కూడా వినబడే మూడు రాష్ట్రాల కూడలి ఇది. ఒక పక్క హోసూరు సిప్కాట్‌లో అశోక్ లేలాండ్, టైటాన్ లాంటి కర్మాగారాలు, సరిహద్దు దాటితే బెంగళూరు కంపెనీలు. 2020లో కరోనా వచ్చినప్పటి నుంచి ఆ కంపెనీల పని కొంత ఇళ్లలోకి వచ్చి కూర్చుంది. 2006లో తమిళనాడు తెచ్చిన చట్టంతో బడుల్లో తమిళం తప్పనిసరి అయింది కనుక, ఈ సీమలో తెలుగు చదువుకోవాలనే పిల్లలకు పాఠం అందే దోవల్లో ఇంటర్నెట్ కూడా ఒకటయింది. నెట్ ఇక్కడ సరదా సరుకు కాదు. ఇంటి బతుకుకూ భాష బతుకుకూ అవసరమైన సరుకు. అందుకే దాని సంగతి కాస్త పట్టుదలగా మాట్లాడుకోవాలి.

గుమ్మం దాకా తీగ తెచ్చే పని మీద ప్రభుత్వాలు చాలా ఖర్చు పెట్టాయి. పల్లెలకు గాజుపోగు తీగలు, అంటే ఫైబర్ తీగలు వేసే పథకానికి కేంద్రం 2011 అక్టోబరులో ఒప్పుకుంది, అదే తరవాత భారత్‌నెట్ అయింది. తమిళనాడులో 12,525 గ్రామ పంచాయతీలకు ఆ తీగ చేర్చే పనిని తమిళనాడు ఫైబర్‌నెట్ కార్పొరేషన్ చేపట్టింది. ఆంధ్రప్రదేశ్‌లో ఫైబర్‌గ్రిడ్‌ను 2017 డిసెంబరులో రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు. వీటికి తోడు వీధివీధికీ తీగ లాగే కేబుల్ ఆపరేటర్లు ఎటూ ఉన్నారు. ఈ కాలంలో వేగం ఎలా పెరిగిందో చూడండి. 2004లో మన దేశం సెకనుకు 256 కిలోబిట్లు వస్తే దాన్ని బ్రాడ్‌బ్యాండ్ అంది. 2013లో ఆ గీతను 512కు జరిపారు, 2023 జనవరిలో 2 మెగాబిట్లకు జరిపారు. అంటే కనీసమని ప్రభుత్వం గీసిన గీతే పందొమ్మిదేళ్లలో ఎనిమిది రెట్లు పెరిగింది, ఇళ్లకు నిజంగా వచ్చే వేగమైతే అంతకు ఎన్నో రెట్లు. నా వాదనంతా ఈ లెక్క మీదే నిలబడి ఉంది. ప్లాను ఏడాదికోసారి మారుతుంది. గోడలో పూడ్చిన తీగ ఇరవై ఏళ్లు ఉంటుంది. స్విచ్చు ఈ రెంటికీ నడుమ కూర్చునే వస్తువు. దాన్ని ప్లాను చూసి కొనకూడదు, తీగను చూసి కొనాలి. తీగ ఎంత మోయగలదో అంతా మోసేది, తీగలాగే ఎవరూ పట్టించుకోకపోయినా ఏళ్ల తరబడి పనిచేసేది కావాలి.

మొదటి అభ్యంతరం తీగ మీదే వస్తుంది. వైఫై ఉండగా ఇంట్లో తీగలెందుకు అంటారు. సబబైన ప్రశ్నే, జవాబు మన గోడల్లోనే ఉంది. కృష్ణగిరి గ్రానైటు సీమ. ఇక్కడి పాత ఇళ్లకు మందపాటి రాతి గోడలు, కొన్నింటికి బండల మిద్దెలు ఉంటాయి. కొత్త ఇళ్లది సిమెంటు ఇటుక, ఇనుప కమ్మీల స్లాబు. వైఫై అలలు గాలిలో పోయినంత సులువుగా రాతిలో పోలేవు. వేగం ఎక్కువుండే 5 గిగాహెర్ట్‌జ్ అలలైతే గోడకు మరీ తొందరగా లొంగిపోతాయి. గోడను తట్టుకోగల 2.4 గిగాహెర్ట్‌జ్ పట్టీలో ఒకదానికొకటి అడ్డురాని చానెళ్లు మూడే, పక్కింటి డబ్బా, ఎదురింటి డబ్బా కూడా వాటినే పంచుకోవాలి. అంతకన్నా పెద్ద సంగతి ఒకటుంది. వైఫైలో ఒకే చానెల్ మీద ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్లు ఆగాలి. తీగలో అలా కాదు, పోయేది పోతూ ఉండగానే వచ్చేది వస్తుంది. వీడియో కాల్‌కు రెండు మూడు మెగాబిట్లు చాలు. అది తెగిపోవడానికి వేగం చాలకపోవడం చాలాసార్లు కారణం కాదు, ఆ రెండు మూడు మెగాబిట్లు ఒక్క తీరుగా రాకపోవడమే కారణం. తీగ ఇచ్చేది ఆ నిలకడ. ఫోను ఎలాగూ వైఫై మీదే ఉంటుంది, ఉండనివ్వండి. కదలకుండా ఒకచోట ఉండే వస్తువులను, అంటే టీవీని, బల్ల మీది కంప్యూటర్‌ను, కెమెరాల రికార్డరును, వెనక గదిలో పెట్టే రెండో వైఫై డబ్బాను తీగకు ఎక్కించండి. అవి వైఫై మీంచి దిగిపోయాక గాలిలో మిగిలిన చోటంతా ఫోన్లకే దక్కుతుంది. తీగ వేసినందువల్ల వైఫై కూడా బాగుపడుతుందనే సంగతి చాలామందికి తట్టదు.

అయితే నెట్ ఇచ్చినవాళ్లు ఇంట్లో పెట్టిపోయే నెట్ పెట్టెకు ఉండే రంధ్రాలు ఒకటో రెండో, మహా అయితే నాలుగు. అక్కడ స్విచ్చు అవసరం పడుతుంది. అది లోపల చేసేదేమిటో తెలుసుకుంటే ఎంచుకోవడం తేలిక. ఈథర్‌నెట్ అనే ఈ తీగల పద్ధతిని 1973లో అమెరికాలో జిరాక్స్ పరిశోధనశాలలో బాబ్ మెట్‌కాఫ్, డేవిడ్ బాగ్స్ రూపొందించారు. తొలినాళ్లలో తీగలను కలపడానికి హబ్బు ఉండేది. దాని పద్ధతి దండోరా వేసేవాడి పద్ధతి, ఒకరికి చెప్పవలసిన మాటను వీధంతా చాటడం. విన్నవాళ్లలో ఎవరి మాట వాళ్లు ఏరుకోవాలి, ఇద్దరు ఒక్కసారే చాటితే రెండు మాటలూ చెడిపోయేవి. స్విచ్చు పద్ధతి పోస్టుమాన్‌ది. ఏ తలుపు వెనక ఎవరున్నారో వచ్చే ఉత్తరాల మీది చిరునామాను బట్టి అదే నేర్చుకుంటుంది, ఆ తరవాత ఎవరి ఉత్తరం వాళ్ల గుమ్మంలోనే వేస్తుంది. ఎక్కువ రంధ్రాలతో తొలి ఈథర్‌నెట్ స్విచ్చును 1990లో అంగట్లోకి తెచ్చిన కంపెనీ పేరు కల్పన. భారత సంతతికి చెందిన వినోద్ భరద్వాజ్, లారీ బ్లెయిర్ కలిసి కాలిఫోర్నియాలో పెట్టిన సంస్థ అది, ఆ పేరు భరద్వాజ్ భార్యది. ఆ పెట్టెకు ఏడు రంధ్రాలు. 1994లో కల్పనను సిస్కో అనే కంపెనీ కొనుక్కుంది. ఇవాళ అత్తిముగంలో ఒక ఇంటి అలమరలో వెయ్యి రూపాయల పెట్టె చేసే పని ఆనాడు పెద్ద ఆఫీసులకే దొరికేది. ఆ పనిని ఇవాళ అన్ని స్విచ్చులూ బాగానే చేస్తాయి. కాబట్టి వేగంలో, తీగలో, కరెంటులో, కూర్చునే చోటులో తేడా చూడాలి గాని అట్ట మీది గొప్పల్లో చూడనక్కరలేదు.

వేగం సంగతే అన్నిటికన్నా ముఖ్యం, దాని దగ్గర కాస్త ఆగుదాం. అంగట్లో రెండు రకాలు పక్కపక్కనే ఉంటాయి. ఒకటి సెకనుకు 100 మెగాబిట్లది, రెండోది 1000 మెగాబిట్లది, అంటే గిగాబిట్‌ది. చూడ్డానికి కవల పిల్లల్లా ఉంటాయి, ధరలో తేడా కొన్ని వందల రూపాయలు. మా ఇంటికి వచ్చేదే నలభై మెగాబిట్ల ప్లాను, వంద చాలదా అని అడుగుతారు. బయటి నెట్ ఒక్కటే లెక్కయితే ఈ రోజుకు చాలు, ఒప్పుకుంటాను. కాని స్విచ్చు గుండా పోయేది బయటి నెట్ ఒక్కటే కాదు. కెమెరా నుంచి రికార్డరుకు, ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదానికి పోయేది ఇంట్లోంచి ఇంట్లోకే పోతుంది, దానికి ప్లానుతో పని లేదు. పెళ్లి వీడియో లాంటి 10 గిగాబైట్ల ఫైలును ఒక గది నుంచి ఇంకో గదికి పంపాలంటే, వంద మెగాబిట్ల పెట్టె మీద నిజంగా చేతికందే 94 మెగాబిట్లతో పద్నాలుగు నిమిషాలు పడుతుంది. గిగాబిట్ పెట్టె మీద నిమిషంన్నర. ఇంకో సంగతి. స్విచ్చుకు తగిలించిన నాలుగు వస్తువులూ నెట్ పెట్టెకు పోవడానికి ఒకే తీగను పంచుకుంటాయి. ప్లాను నలభై నుంచి నూట యాభైకో రెండు వందలకో పెరిగిన రోజున ఆ తీగ దగ్గరే ఇరుకవుతుంది. నెలనెలా రెండు వందల మెగాబిట్లకు డబ్బు కడుతూ తొంభై నాలుగు మాత్రమే వాడుకుంటారు. ఎందుకలా అని ఎవరూ చెప్పరు, ఎందుకంటే వంద మెగాబిట్ల స్విచ్చు తప్పు చేయడం లేదు, తన పని తాను నిక్కచ్చిగా చేస్తోంది. కొన్ని వందలు మిగులుతాయని దాన్ని కొనమని నేనెవరికీ చెప్పలేను.

గిగాబిట్ అనగానే తీగ దగ్గరికి రావాలి. నెట్ తీగలో ఎనిమిది సన్న తీగలు జంటలు జంటలుగా మెలితిప్పి ఉంటాయి. 100 మెగాబిట్లకు రెండు జంటలు చాలు. 1999లో స్థిరపడిన గిగాబిట్ పద్ధతికి నాలుగు జంటలూ కావాలి. ఇక్కడే పనివాళ్ల అలవాటు ఒకటి అడ్డుపడుతుంది. నాలుగు తీగలతోనే నెట్ నడుస్తుంది కదా అని కొందరు నాలుగే బిగించి, మిగతా నాలుగింటిని కత్తిరించేస్తారు, లేదా కెమెరా కరెంటుకు వాడేస్తారు. ఆ తీగను ఎంత మంచి స్విచ్చుకు తగిలించినా అది వందకే కట్టుబడుతుంది. చాలా స్విచ్చుల మీద గిగాబిట్‌కు ఒక రంగు దీపం, వందకు ఇంకో రంగు దీపం ఉంటుంది. ఏది దేనికో అట్ట మీద రాసి ఉంటుంది, తీగ బిగించిన మనిషి ఇంట్లో ఉండగానే ఆ దీపం చూడాలి. తీగ లోహం సంగతి ఇంకా పెద్దది. చవకగా దొరికే నెట్ తీగల్లో చాలావాటిలో ఉండేది అల్యూమినియం, దాని మీద రాగి పూత ఉంటుంది, అంతే. అల్యూమినియం కరెంటును మోసే శక్తి రాగిలో 61 శాతమే. వంచితే తొందరగా విరుగుతుంది, మొన దగ్గర పట్టు సడలుతుంది. తొడుగు మీద సి.సి.ఏ. అన్న అక్షరాలుంటే అది ఈ పూత తీగ. అక్షరాలు లేకపోయినా బ్లేడుతో కొంచెం గీకి చూస్తే లోపల తెల్లగా మెరుస్తుంది. క్యాట్ 5ఈ గాని క్యాట్ 6 గాని, అచ్చమైన రాగి తీగ కొనండి. స్విచ్చు మీద పెట్టే డబ్బుకన్నా తీగ మీద పెట్టే డబ్బు ఎక్కువైనా ఫరవాలేదు. రాతి గోడలో తీగ మళ్లీ మార్చడమంటే ఎంత పనో రాతి ఇంట్లో ఉన్నవాళ్లకు నేను చెప్పనక్కరలేదు.

ఇక తెలివైన స్విచ్చుల ప్రస్తావన. మేనేజ్‌డ్ స్విచ్చులని కొన్ని ఉంటాయి. వాటికి పాస్‌వర్డు పెట్టి, లోపలికి పోయి, ఏ రంధ్రం ఎవరితో మాట్లాడాలో ఎవరితో మాట్లాడకూడదో మనం నిర్ణయించవచ్చు. ఇంట్లో కెమెరాలను కంప్యూటర్ల నుంచి వేరుచేయడానికి ఇవి మేలని కొందరు వాదిస్తారు. వాదనలో బలం ఉంది. ఊరూ పేరూ తెలియని కెమెరా ఇంటి కంప్యూటర్ పక్కన కూర్చోవడం క్షేమం కాదు. ఒకే తీగ రెండు కొసలనూ ఒకే స్విచ్చులో పొరపాటున గుచ్చితే పుట్టే సుడిని కూడా ఇవి అడ్డుకోగలవు. మామూలు స్విచ్చుల్లో చాలావాటికి ఆ శక్తి లేదు. ఒక చాటింపు అందులోనే తిరుగుతూ, తిరిగిన కొద్దీ పెరుగుతూ, దీపాలన్నీ పిచ్చిగా కొట్టుకుని ఇల్లంతా నెట్ ఆగిపోతుంది. ఆ సుడిని ఆపే పద్ధతిని 1985లో రేడియా పెర్ల్‌మన్ అనే ఇంజినీరు కనిపెట్టారు. అయినా ఇంటికి మామూలు స్విచ్చే మంచిదని నా నిర్ణయం. పాస్‌వర్డు ఉన్న పెట్టెను చూసుకునే మనిషి ఒకరు ఉండాలి. అమర్చిన కుర్రాడు వేరే ఊళ్లో ఉద్యోగానికి పోయాక, ఆ అమరిక ఏమిటో తెలియని పెద్దవాళ్ల చేతిలో అది తాళంచెవి పోయిన పెట్టె. అమర్చకుండా వదిలేస్తే ఫ్యాక్టరీలో పెట్టిన పాస్‌వర్డుతోనే ఉండిపోతుంది. అది ఇంకా ప్రమాదం. సుడికి ఇంట్లో చేసుకోగల మందు ఉంది. ప్రతి తీగ కొసకూ ఏ గదిదో రాసిన చీటీ అంటించడం. వైఫైతో నడిచే కెమెరాలకు చాలా రౌటర్లలో ఉండే అతిథుల నెట్‌వర్కును వాడుకోవచ్చు. పదిహేను ఇరవై తీగలున్న ఆసుపత్రో, ఆఫీసో అయితే నా మాట వేరుగా ఉంటుంది.

ఎలక్ట్రానిక్ సామాన్ల అంగళ్లుండే బెంగళూరు ఎస్.పి. రోడ్డు ఇక్కడికి దూరం కాదు. కంపెనీలు వాడి తీసేసిన ఇరవై నాలుగు రంధ్రాల పెద్ద స్విచ్చులు అక్కడి పాత సామాన్ల అంగళ్లలో చవకగా దొరుకుతాయి, అవే గట్టివి కదా అంటారు. గట్టివే. కాని వాటి లెక్క కరెంటు దగ్గర తప్పుతుంది. ఐదు రంధ్రాల చిన్న గిగాబిట్ స్విచ్చు మూడు వాట్లు తింటుందనుకుంటే రాత్రింబవళ్లు నడిచినా నెలకు రెండు యూనిట్లకు కొంచెం పైన. ముప్పై వాట్ల పెద్ద స్విచ్చయితే నెలకు ఇరవై ఒక్క యూనిట్లు దాటుతుంది. తమిళనాడులో బిల్లు రెండు నెలలకోసారి, ఇంటికి మొదటి వంద యూనిట్లు ఉచితం. ఆ వందలో నలభై మూడు యూనిట్లు ఈ పాత పెట్టే మింగేస్తుంది, దాని ఫ్యాను చప్పుడు వేరే. కరెంటు పోయినప్పటి సంగతి మరీ ముఖ్యం. నెట్ పెట్టెకు, రౌటరుకు వాడే చిన్న యూపీఎస్‌లు ఇప్పుడు దొరుకుతున్నాయి. మూడు వాట్ల స్విచ్చు దాని మీద సులువుగా సర్దుకుంటుంది, ముప్పై వాట్లది సర్దుకోదు. కొనేముందు స్విచ్చు ఎన్ని వోల్టులదో చూడండి. కొన్ని 5 వోల్టులవి, కొన్ని 9, కొన్ని 12. మీ యూపీఎస్ ఇవ్వగలిగే వోల్టుల్లో అది ఉండాలి. మొన ఒకేలా ఉంది కదా అని 5 వోల్టుల పెట్టెకు 12 వోల్టుల పిన్ను గుచ్చితే అది మాడిపోతుంది. వేగం, రంధ్రాలు అన్నీ సరిపోయి కరెంటు పోగానే ఆగిపోయే స్విచ్చు, కాల్ మధ్యలో ఉన్న మనిషికి ఏం పనికొస్తుంది? అట్ట మీద ఈ వోల్టుల మాట చిన్న అక్షరాల్లో ఉంటుంది, అయినా అన్నిటికన్నా ముందు చదవదగ్గది అదే.

తగిలించే వరస కూడా చెప్పుకోవాలి, కొన్న స్విచ్చు పనికిరాలేదని వెనక్కి ఇచ్చేవాళ్లు తడబడేది ఇక్కడే. గాజుపోగు వచ్చి చేరే పెట్టె, దాని తరవాత రౌటరు, రౌటరు తరవాత స్విచ్చు. కొన్ని ఇళ్లలో మొదటి రెండూ ఒకే డబ్బాలో ఉంటాయి, అప్పుడు ఆ డబ్బాకే స్విచ్చు తగిలించవచ్చు. ఫైబర్ పెట్టెకు ఒకే రంధ్రం ఉండి, రౌటరు విడిగా ఉంటే, ఆ రెంటి నడుమ స్విచ్చు పెట్టకూడదు. ఇళ్ల కనెక్షన్లలో చిరునామాలు పంచిపెట్టే పని రౌటరుది, స్విచ్చుకు ఆ పని రాదు. నెట్ పెట్టె రంధ్రాలు కూడా అన్నీ ఒకలాంటివి కావు. చాలావాటిలో ఒక్కటే గిగాబిట్, మిగతావి వందవి. స్విచ్చు నుంచి పోయే తీగను ఆ గిగాబిట్ రంధ్రంలోనే పెట్టాలి. పాత రౌటరు మూలన పడి ఉంది, దాన్నే స్విచ్చుగా వాడుకోకూడదా అంటే వాడుకోవచ్చు. అందులో చిరునామాలు పంచే పనిని ఆపేసి, ఇంటి వస్తువులకని ఉండే ల్యాన్ రంధ్రంలో తీగ పెట్టాలి. బయటి నెట్ కోసం ఉండే వ్యాన్ రంధ్రంలో పెడితే ఇంట్లో ఇద్దరు పెత్తందార్లయి ఒక గది వస్తువు ఇంకో గది వస్తువుకు కనిపించకుండా పోతుంది. కాని పాత రౌటర్లలో చాలావాటి రంధ్రాలు వంద మెగాబిట్లవే, అది చూసుకోండి.

రంధ్రాల లెక్క సులువు. నెట్ పెట్టెకు పోయే తీగకే ఒకటి పోతుంది కనుక ఐదింటిలో మనకు మిగిలేవి నాలుగు. ఈ రోజే నాలుగు వస్తువులుంటే ఎనిమిదిది కొనండి. కెమెరాలకు నెట్ తీగలోనే కరెంటు కూడా పంపే పి.ఓ.ఇ. స్విచ్చులు వేరే ఉన్నాయి. తోటలోనో గులాబీల పాలీహౌస్‌లోనో కెమెరా దగ్గర ప్లగ్గు లేనివాళ్లకు అవి నిజంగా ఉపకారం. 2003 నాటి మొదటి ప్రమాణం ప్రకారం ఒక్కో రంధ్రం నుంచి 15.4 వాట్ల దాకా పంపగలవు. వీటికి పూత తీగ వాడితే తీగే వేడెక్కుతుంది. కెమెరాలు లేని ఇంటికి వీటి అదనపు ఖర్చు అనవసరం. పెట్టె ఇనుపదా ప్లాస్టిక్‌దా అన్నది నీడలో ఉంటే పెద్ద తేడా కాదు. చోటు మాత్రం తేడా చేస్తుంది. ఇళ్లకు అమ్మే స్విచ్చులు చాలావరకు 40 డిగ్రీల వేడి దాకా తట్టుకునేవి. హోసూరు దాదాపు 900 మీటర్ల ఎత్తున చల్లగా ఉంటుంది గాని, ఏప్రిల్ మధ్యాహ్నం రేకుల కప్పు కింద అటకకు ఆ చల్లదనం అందదు. కృష్ణగిరి వైపు దిగితే మరీను.

వేసవి చివర ఉరుముల వానలు వచ్చే సీమ ఇది, పిడుగు సంగతి చెప్పకుండా ఈ విషయం పూర్తికాదు. ఇంటి నుంచి మోటారు షెడ్డుకో కొట్టానికో బయటి గాలిలో రాగి తీగ లాగితే, దగ్గరలో పిడుగు పడినప్పుడు ఆ తీగలో పుట్టే పోటు నేరుగా స్విచ్చులోకి వస్తుంది. దాని వెంట దానికి తగిలించినవన్నీ పోవచ్చు. రాగి తీగ నెట్‌ను 100 మీటర్ల దాకా మోస్తుంది కదా అని కొట్టానికి లాగేవాళ్లు ఈ ప్రమాదాన్ని లెక్కలోకి తీసుకోరు. రెండు కట్టడాల నడుమ గాజుపోగే వేయాలి, రెండు కొసల దగ్గర గాజు నుంచి రాగికి మార్చే కన్వర్టర్ పెట్టెలు పెట్టాలి. గాజు కరెంటును మోయదు. ఆధారానికి ఇనుప తీగ ఉన్న గాజు కేబులయితే ఆ ఇనుమును ఇంట్లోకి రానివ్వకుండా బయటే కత్తిరించాలి. ఖర్చు కొంత పెరుగుతుంది. ఒక వానకు పోయే సామాను విలువతో పోలిస్తే అది పెద్దది కాదని నా నమ్మకం.

చివరి అభ్యంతరం చదువుకున్న కుర్రవాళ్లది. ఇప్పుడు 2.5 గిగాబిట్ల స్విచ్చులు వస్తున్నాయి, ఇవాళ గిగాబిట్ కొంటే రేపటికి పాతబడదా అంటారు. పాతబడవచ్చు. కాని అంత వేగం వాడుకోవాలంటే నెట్ పెట్టె, కంప్యూటర్, టీవీ అన్నీ ఆ వేగానివే కావాలి, మన ఇళ్లలో అవి ఇంకా గిగాబిట్ దగ్గరే ఉన్నాయి, కొన్ని టీవీలు వంద దగ్గరే ఆగి ఉన్నాయి. పైగా 2016లో ఆ 2.5 గిగాబిట్ల ప్రమాణాన్ని రాసినవాళ్లు గోడల్లో అప్పటికే ఉన్న తీగలను తలచుకునే రాశారు. అచ్చమైన రాగితో, ఎనిమిది తీగలూ సరిగ్గా బిగించిన క్యాట్ 5ఈ కేబుల్ మీద 100 మీటర్ల దాకా అది నడుస్తుంది. ఆ అవసరం వచ్చిన రోజున అత్తిముగంలో ఏ ఇంట్లోనూ రాతి గోడను తొలవనక్కరలేదు. చీటీలు అంటించి ఉన్న అవే తీగలను పాత పెట్టె నుంచి తీసి కొత్త పెట్టెలో ఒక్కొక్కటిగా గుచ్చితే సరిపోతుంది.